మూడో నెల దాటేదాకా

ఆపరేషనైన కొన్నాళ్ళకు మా అక్క పచ్చి బియ్యం తినడం మొదలుపెట్టింది. పుంగనూరులో బావది సరుకుల అంగడి. అక్క బస్తాల పక్కన కూర్చుని, వచ్చినవాళ్ళతో మాట్లాడుతూనే గుప్పెడు బియ్యం తీసి నోట్లో వేసుకునేది. నాలుగు ముద్దల అన్నం దిగని మనిషి బియ్యం మాత్రం కరకరా నమిలేది. ఆ తర్వాత బలపాల మీద పడింది. బడిపిల్లలకు అమ్మే డబ్బాలో సగం బలపాలు ఆమె నోట్లోకే పోయాయి. చూసినవాళ్ళంతా నవ్వారు గానీ వాళ్ళత్త నవ్వలేదు. ముసలామె కళ్ళు మెరిశాయి.

"బియ్యం, బలపాలు తినే బుద్ధి ఊరికే పుడతాదా? నీళ్ళోసుకునిందేమో సూడండప్పా!" అంది.

నీళ్ళోసుకోలేదు. ఒంట్లో ఇనుము అడుగంటింది. ఇనుము లేకపోతే మనిషికి మట్టి మీదికీ బియ్యం మీదికీ మనసు పోతుందట. బెంగుళూరులో రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు చెప్పేదాకా మాకెవ్వరికీ ఆ సంగతి తెలియదు. నరానికి ఇనుము మందు ఎక్కించారు. కొన్ని వారాలకు అక్క బస్తా జోలికి పోవడం మానేసింది, బుగ్గలకు రంగొచ్చింది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, రక్తపరీక్ష మా అక్కను ఒకసారి కాపాడింది. రెండోసారీ కాపాడేదే. కాపాడనివ్వలేదు మావాళ్ళు.

మాది మదనపల్లె. తొంభైల్లో అక్కను పుంగనూరికిచ్చారు, కొన్నేళ్ళకు నన్ను కుప్పానికిచ్చారు. అక్క చిన్నప్పటినుంచీ భారీ మనిషి. బస్సెక్కితే కండక్టర్లు "ఏమ్మా, రెండు టికెట్లు కొట్టాల్నా?" అనేవాళ్ళు. అక్క వాళ్ళతో కలిసి నవ్వేసేది. నేను ఊరుకునే రకం కాదు. ఒకణ్ణి పలమనేరు వచ్చేదాకా తిడుతూనే ఉన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని అమ్మ నాకు నేర్పాలని చూసింది గానీ, నాకు ఆ చదువు రాలేదు.

ఆ నవ్వంతా బస్సులోనే. ఇంట్లో అక్కకు నవ్వు లేదు. పెళ్ళై ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. ఎవరింట్లోనైనా సీమంతం జరిగితే, గాజులు తొడిగే సమయానికి సరిగ్గా "అమ్మాయ్, పాలు పొంగుతాండాయేమో సూడు పో" అని అక్కను వంటింట్లోకి పంపేవాళ్ళు. అక్కడ పొయ్యి మీద పాలుండేవి కావు. అక్క ఆ ఆరిన పొయ్యి ముందే నిలబడి, అంతా అయ్యాక వచ్చేది. నేను కళ్ళారా చూశాను. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మదనపల్లెలో ఆడడాక్టరు ఒక్కటే మాట చెప్పింది. బరువు తగ్గితే నెలసరి దారికొస్తుంది, నెలసరి దారికొస్తే బిడ్డ నిలుస్తుంది అని. అక్క సంగటి మానింది, అన్నం మానింది, చీకటితోనే లేచి నడిచింది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ అంతకంత పెరిగేది. రెండువేల సంవత్సరం దాటాక, బెంగుళూరులో పొట్టను చిన్నది చేసి పేగును పక్కదోవ పట్టించే ఆపరేషనుందని బావకు ఎవరో చెప్పారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందేమోనని నేను భయపడ్డాను. అక్క నా చెయ్యి పట్టుకుని, "నాకు లావు తగ్గాలని ల్యాదే. ఒక్క బిడ్డ కావాల, అంతే," అంది. ఆపరేషనుకు నేనూ వెంట పోయాను.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు బావనూ అక్కనూ నన్నూ కూర్చోబెట్టి చెప్పాడు. ఆయనది మన వైపు తెలుగే. "ఇంగ ఈమె తినేది కొంచెం, అందులో ఒంటికి పట్టేది ఇంకా కొంచెం. మాత్రలు జీవితాంతం మింగాల. మూడు నెలలకొకసారి రక్తం పరీక్ష చేయించాల. లోపల ఏది అయిపోతాందో పైకి తెలీదు, రక్తమే చెప్పాల. ఏడాదిన్నర దాకా కడుపు రాకుండా చూసుకోండి. వాంతులు పట్టుకుంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా వచ్చేయండి." బావ అన్నిటికీ తలూపాడు.

మొదటి ఏడాది అంతా సక్రమంగానే నడిచింది. పరీక్ష రోజు దగ్గరపడగానే అక్క పుంగనూరులో బస్సెక్కి, వి.కోట మీదుగా కుప్పం వచ్చేది. ఆ రాత్రి మా ఇంట్లో పడుకుని, పొద్దున్నే పరగడుపున ఇద్దరం బెంగుళూరు రైలెక్కేవాళ్ళం. సూది గుచ్చేటప్పుడు అక్క నా వైపు తిరిగి కళ్ళు గట్టిగా మూసుకుని, "అయిపోయిందా? అయిపోయిందా?" అనేది. అయ్యాక ఆసుపత్రి బెంచీ మీద నేను తెచ్చిన ఇడ్లీ విప్పేవాళ్ళం. ఒక ఇడ్లీని గంటసేపు తినేది. వచ్చిన ప్రతిసారీ రవికెలు వదులైపోయి ఉండేవి. నా కుట్టుమిషను మీద వాటిని లోపలికి కుట్టిచ్చేదాన్ని. అక్క అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి, "ఒసే, ఇది నేనేనా?" అనేది. ఆ రోజుల్లో అక్క ఎంత సంతోషంగా ఉండేదో నాకు తెలుసు.

వాళ్ళత్తకు మాత్రం ఈ పరీక్షలంటే గిట్టేది కాదు. "తినేది పిట్ట తిన్నంత. ఉండే రొంత రక్తాన్ని సీసాలకు సీసాలు లాగేస్తే మనిషికేం మిగుల్తాది? రక్తం ఊరాలంటే బీట్‌రూటు పెట్టాల గానీ సూదులు గుచ్చేదేందమ్మా!" అనేది.

"అత్తా, మీ అంగడిలో సరుకు ఎంతుండాదో చూసుకోకుండానే బావ వ్యాపారం చేస్తాడా? ఇదీ అంతే," అన్నాను ఒకసారి.

"నీతో మాట్లాడి గెలిచేదెవరులే తల్లీ," అని మూతి ముడుచుకుంది. ఆమె చెడ్డమనిషి కాదు. అది కూడా చెప్పాలి. అక్కకు ఆపరేషను ముందు రోజంతా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చున్నది ఆమే.

ఏడాది దాటింది. పరీక్షకు రావలసిన వారం వచ్చింది, అక్క రాలేదు. ఫోను చేశాను. అక్కే ఎత్తింది. "ఈసారి మదనపల్లెలోనే రక్తం ఇచ్చినామే. బెంగుళూరుకు ఊరికే తిరగడమెందుకని. అంతా బాగుండాదంట," అంది. నాకు నమ్మకం కుదరక అమ్మకు చేశాను. "నేనే పక్కన కూర్చుని తీపిచ్చినాను. నువ్వేం దిగులు పెట్టుకోవద్దు," అంది అమ్మ. కన్నతల్లి తన కళ్ళతో చూశానంటే ఎవరు నమ్మరు?

రక్తమూ తీయించలేదు, పాడూ లేదు. అక్కకు నెల తప్పింది.

మా వైపు మూడో నెల దాటేదాకా కడుపు సంగతి ఎవరికీ చెప్పరు. దిష్టి తగిలి బిడ్డ నిలవదంటారు. పొలిమేర దాటి ప్రయాణాలు చెయ్యనివ్వరు. నోట్లో మాట ఆగదని పేరున్న నాలాంటిదానికి అసలు చెప్పరు. అన్నిటికన్నా పెద్ద భయం ఇంకొకటుంది. ఏడాదిన్నర నిండకముందే కడుపొచ్చింది కాబట్టి, బెంగుళూరుకు పోతే డాక్టరు తీసేయమంటాడని అనుకున్నారు. అక్కే ముందు అనిందట ఆ మాట. "మూడు నెలలు నిండినాక పోదాం. అప్పుడైతే ఆయప్ప తీసేయమన్నా తీసేదానికి కుదర్దు," అని. అత్తా, బావా, అమ్మా, అక్కా నలుగురూ ఒక్కమాట మీద నిలబడ్డారు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఏ విషయానికీ కుదరని ఒప్పందం దీనికి కుదిరింది.

కడుపుతో ఉన్నామెకు మాత్రలు వేడి చేస్తాయని మాత్రలు మాన్పించారు. రక్తం తీస్తే బిడ్డ తాగే రక్తం తగ్గుతుందని పరీక్ష మాన్పించారు. తర్వాత వాంతులు పట్టుకున్నాయి. పట్టుకుంటే ఆ ఇంట్లో ఎవరికైనా భయమేసిందా? లేదు, పండగ చేసుకున్నారు! ఇన్నేళ్ళు వేవిళ్ళ కోసం మొహం వాచి ఉన్న ఇల్లది. అక్క ఒక్కొక్కసారి కక్కుతుంటే అత్త వీపు నిమురుతూ, "కానీలేమ్మా, వాంతులెంత జాస్తి అయితే బిడ్డ అంత గట్టిగా నిల్సుకుంటాది," అనేది. వారాల తరబడి గుక్కెడు నీళ్ళు కూడా నిలవలేదు. ఒకవైపు కక్కుతూ ఇంకోవైపు నవ్వేదట మా అక్క. ఈ మాట అమ్మ నాకు తర్వాతెప్పుడో చెప్పి గోడకు తల కొట్టుకుంది.

నేను ఫోను చేసినప్పుడల్లా బాగున్నాననేది. ఒకరోజు మాత్రం మాట తేడాగా వచ్చింది. నాలుక మడతపడుతున్నట్టు ఉంది. "నువ్వు యాడుండావే, మదనపల్లెలోనా?" అంది. కుప్పంలో అన్నాను. రెండు మాటలు మాట్లాడి మళ్ళీ, "నువ్వు యాడుండావే?" అంది. ఫోను పెట్టేసి, పొయ్యి మీద పప్పును అట్లాగే దించేసి, పక్కింటామెకు తాళం ఇచ్చి బస్టాండుకు పరిగెత్తాను.

మధ్యాహ్నానికి పుంగనూరు చేరాను. నడింట్లో చాప మీద అక్క కూర్చుని ఉంది. క్యాలెండరు తీసేసిన మేకుకు గ్లూకోజు బాటిలు వేలాడదీసి, దాని గొట్టం అక్క చేతికి పెట్టారు. మా వైపు నీరసానికి గ్లూకోజు బాటిలే దేవుడు. వీధి చివర క్లినిక్కు నుంచి ఒకాయన వచ్చి ఎక్కించి పోతున్నాడట. ఆపరేషను సంగతి ఆయనకు చెప్పనే లేదు. ఉత్త వేవిళ్ళ నీరసం అని చెప్పారు. అమ్మ పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతోంది. నన్ను చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది.

అక్క తలెత్తి నన్ను చూసింది. చూసిందన్న మాటే గానీ చూపు నా మీద నిలవలేదు. కనుగుడ్లు రెండూ పక్కకు పక్కకు కొట్టుకుంటున్నాయి. అయినా నన్ను గుర్తుపట్టి నవ్వింది. "ఇద్దరొచ్చినారేందే? నీ ఎనక ఎవురు?" అంది. నా వెనక ఎవరూ లేరు. లేచి నిలబడబోయి, కాళ్ళు ఎడంగా వేసి, గోడను తడుముకుని మళ్ళీ కూలబడింది.

"ఏం జరుగుతాండాది ఈ ఇంట్లో?" అని అరిచాను.

అక్క నా కొంగు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "అరవొద్దే. నాకు కడుపు. మూడో నెల దాటేదాకా ఎవురికీ చెప్పొద్దన్నారు. అందుకే నీకూ చెప్పలేదు, ఏమీ అనుకోవద్దు," అని చెవిలో చెప్పింది. ఆమె నోటి నుంచి పుల్లటి వాసన వచ్చింది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అమ్మ వైపు తిరిగి, "పక్కన కూర్చుని రక్తం తీపిచ్చినావా? ఏదీ, ఆ కాగితం సూపీ!" అన్నాను. అమ్మ విసనకర్ర కింద పెట్టేసింది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నేను ఆ రోజు ఆ ఇంటి నడివాకిట్లో నిలబడి వీధంతా వినేలా చించాను. బావ కారు మాట్లాడుకుని వచ్చాడు. ముల్బాగల్, కోలారు మీదుగా బెంగుళూరు చేరేదాకా అక్క తల నా ఒళ్ళోనే ఉంది. దారిలో పొలాలు కనపడితే మదనపల్లె వచ్చేసిందా అని అడిగింది. నేను ఊఁ అన్నాను.

డాక్టరు అక్క కళ్ళలోకి లైటు వేసి చూశాడు. ఆయన మొహం మారింది. "వాంతులు ఎన్నాళ్ళనుంచి? కడపట రక్తం ఎప్పుడు తీసినారు?" అన్నాడు. నాకు తెలిసినంతా నేనే చెప్పాను. రక్తం తీసి పంపి, దాని ఫలితం కోసం కాచుకోకుండానే ఇంజక్షన్లు మొదలుపెట్టారు. బీ-వన్ అని ఒక విటమిన్ ఉందట. అది ఒంట్లో కొన్ని వారాలకు మించి నిలవదట. వాంతులు పట్టుకున్న మనిషికి అది అయిపోతే మెదడు దెబ్బతింటుందట. అది లేని ఒంట్లోకి ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే, మిగిలిన ఆ కాస్త విటమినూ గ్లూకోజును అరిగించడానికే ఖర్చైపోతుందట. బలం వస్తుందని మావాళ్ళు ఎక్కించిన ఒక్కొక్క బాటిలూ అక్కను ఇంకా లోపలికి తోసింది. వాంతులు మొదలైన వారంలో వచ్చి ఉంటే ఇంజక్షన్లతో పోయేదని ఆయనే చెప్పాడు. కడుపు తీసేయమనేవాడా అని అడిగాను. "ఎందుకు తీసేయమంటాను? జాగ్రత్తగా నెలనెలా రక్తం చూసుకుంటూ కాపాడేవాళ్ళం కదమ్మా," అన్నాడు. ఆ మాట విని బావ వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఇంజక్షన్లకు కళ్ళు కుదురుకున్నాయి. తర్వాత మెల్లగా నిలబడింది, గోడ పట్టుకుని నడిచింది. బిడ్డ నిలవలేదు. స్కానింగులో గుండె ఆగిపోయి కనిపించింది. ఆ సంగతి నేనే చెప్పాను అక్కకు, ఇంకెవరికీ నోరు రాలేదు. మంచం కడ్డీ పట్టుకుని అక్క ఏడ్చిన ఏడుపు ఆ వార్డంతా విన్నది. ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

మరుసటి రోజు పొద్దున లేచి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "నాకిప్పుడు ఎన్నో నెలే?" అంది.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే ఏడుపు, మొదటిసారి విన్నట్టే. మధ్యాహ్నం అన్నం పెడుతుంటే అమ్మను అడిగింది, "నాకు ఎన్నో నెలమ్మా?" అని. అమ్మ గిన్నె అక్కడే వదిలేసి బయటికి పోయింది. డాక్టరు అప్పుడు చెప్పాడు. పాత జ్ఞాపకాలు ఉంటాయి, కొత్తవి నిలవవు, ఇది ఇంతే అని. చిన్నప్పుడు మా ఇద్దరికీ అమ్మ కుట్టించిన పరికిణీల రంగు చెబుతుంది అక్క. ఉదయం ఇడ్లీ తిన్న సంగతి మధ్యాహ్నానికి ఉండదు. ఆమె మనసులో కడపటిగా నిలిచిపోయినది ఆ కడుపొక్కటే. బిడ్డ పోయిందని అక్కకు ఇక ఎవరూ చెప్పకూడదని ఆ రోజే అందరికీ గట్టిగా చెప్పేశాను. ఒక మనిషిని ఒకే చావుకు ఎన్నిసార్లు ఏడిపిస్తాం?

అవి జరిగి ఏళ్ళయింది. అక్క పుంగనూరులోనే ఉంది. బావ పొద్దున్నే అంగడిలో ఆమె కుర్చీ వేసి కూర్చోబెడతాడు, పాత ధరలు చెబుతూ ఉంటుంది. రక్తపరీక్షలు మాత్రం ఇప్పుడు ఒక్కటి కూడా తప్పడం లేదు. కుప్పంలోనే రక్తం తీసి బెంగుళూరుకు పంపుతారు కాబట్టి రైలెక్కే పని లేదు. అక్కను నడిపించుకుని బస్సెక్కించి, వి.కోట మీదుగా పట్టుకొచ్చేది ఎవరనుకున్నారు? వాళ్ళత్తే. రక్తం తీస్తే మనిషికేం మిగుల్తాదన్న ముసలామే. మోకాళ్ళ నొప్పులతో మెట్టెక్కలేక మూలుగుతూ, కోడలి చెయ్యి మాత్రం వదలదు. నేను ఆమెను క్షమించానా అంటే చెప్పలేను. కానీ ఆమెకు వేడిగా కాఫీ పెట్టి ఇస్తాను.

మొన్నటి పరీక్షకూ అట్లాగే వచ్చారు. పోయినసారి కాగితాలన్నీ బాగున్నాయి. ఇనుము బాగుంది, విటమిన్లన్నీ బాగున్నాయి, ఎవరికైనా చూపించి గర్వపడే రక్తం మా అక్కది. ల్యాబులో సూది వేసే పిల్ల అక్క చేతికి రబ్బరు కట్టింది. అక్క అత్త వైపు తిరిగి, "నాకు ఎన్నో నెలత్తా?" అంది.

"రెండు నిండినాయమ్మా. మూడోది నడస్తాండాది," అంది ముసలామె. కొంగుతో మొహం తుడుచుకుంది.

సూది దిగింది. ఎప్పటిలా అక్క నా వైపు తిరిగి కళ్ళు గట్టిగా మూసుకుంది. అయిపోయిందా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. ఖాళీగా ఉన్న చేత్తో నా మెడ వంచి, చెవిని తన నోటి దగ్గరికి లాక్కుంది.

"ఎవురికీ చెప్పొద్దే," అంది. "మూడో నెల దాటేదాకా చెప్పకూడదన్నారు. నువ్వు నా చెల్లెలివని నీకొక్కదానికే చెప్తాండాను."

చెప్పనక్కా అన్నాను.